ఫ్లెక్సీ మీద సర్టిఫికెట్ల లెక్క సరే, ల్యాబ్ తాళం సంగతేటి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీల, డిగ్రీ కాలేజీల యాజమాన్యాలకి, ప్రిన్సిపాల్ గార్లకి, మరీ ముఖ్యంగా ప్లేస్‌మెంట్ సెల్ చూస్తున్న మాస్టార్లకి నమస్కారం.

నాది చీపురుపల్లి దగ్గర ఊరు. ఈ జిల్లాల్లోనే ఇంజనీరింగ్ చదివాను, నెట్‌వర్క్, క్లౌడ్ పనిలో పడి పదేళ్ళు దాటింది, ఇప్పుడు విశాఖలో ఉంటూ మా టీమ్‌లోకి ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుంటాను. అందుకని మీ పిల్లల రెజ్యూమెలు నా దగ్గరికి చాలానే వస్తాయి, అడ్రస్‌లో పాలకొండనో బొబ్బిలనో టెక్కలనో కనపడితే మనోళ్ళే కదా అని మనసు అటు లాగుతాది. కానీ ఈ మధ్య ఆ రెజ్యూమెలు చదువుతుంటే బాధేస్తోంది, కొంచెం కోపం కూడా వస్తోంది. పిల్లల మీద కాదండి, మీ మీద.

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ కాడ నుంచి విజయనగరం కోట జంక్షన్ దాకా మీ ఫ్లెక్సీలే. ఒకప్పుడు ప్లేస్‌మెంట్లు వచ్చిన పిల్లల ఫొటోలు ఉండేవి, ఇప్పుడు వాటి కింద ఇంకో లైను చేరింది, మా విద్యార్థులు సాధించిన ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్లు ఇన్ని వేలు అని. వేలు! కాలేజీలో ఉన్న పిల్లలే రెండు మూడు వేలమంది, తలా ఐదారు వచ్చాయంటే అవి ఏ రకం సర్టిఫికెట్లో మీకూ తెలుసు నాకూ తెలుసు. ఆ ఫ్లెక్సీ చూసి వీరఘట్టం నుంచి కూతుర్ని తీసుకొచ్చి చేర్పించిన తండ్రికి మాత్రం తెల్దు.

ఒక ఇంటర్వ్యూ చెప్తాను. కాలేజీ పేరు అనవసరం. ఆ అమ్మాయి బీటెక్ ఫైనలియర్, మార్కులు బావున్నాయి, రెజ్యూమె రెండో పేజీ మొత్తం సర్టిఫికెట్లే, క్లౌడ్, ఏఐ, సైబర్ సెక్యూరిటీ, డేటా అనలిటిక్స్, ఒక్కోటీ పది వారాల వర్చువల్ ఇంటర్న్‌షిప్ అని రాసుంది. నేను అడిగింది పెద్ద ప్రశ్నేం కాదు. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ వాళ్ళు ఇంటర్నెట్ మీద సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ అది) ఒక వెబ్ సర్వర్ పెట్టావమ్మా, బయట నుంచి బ్రౌజర్లో కొడితే పేజీ రావట్లేదు, తిరిగి తిరిగి టైమౌట్ అంటోంది, ముందు ఎక్కడ చూస్తావ్ అన్నాను. ఆ పిల్ల క్లౌడ్ కంప్యూటింగ్ అంటే ఏమిటో డెఫినిషన్ మొదలుపెట్టింది, గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ఒక్క అక్షరం పొల్లు పోలేదు. సరేగానీ ఎప్పుడైనా నీ చేత్తో ఒక సర్వర్ లేపావా అన్నాను. లేద్సార్, మాకు క్విజ్‌లే సార్, ఆన్సర్లు వాట్సాప్ గ్రూపులో వచ్చేవి అంది. ఎవరు పెట్టేవారమ్మా అంటే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నెమ్మదిగా, కోఆర్డినేటర్ సారే సార్, డెడ్‌లైన్ అయిపోతాదని, అంది.

ఆ కోఆర్డినేటర్ సారుని కూడా నేను తప్పు పట్టలేను. ఆయన మీద ఎంత ప్రెషర్ ఉంటాదో ఊహించగలను. కాలేజీలని మదింపు చేసే న్యాక్ వాళ్ళు మొదటి క్రైటీరియన్లోనే సర్టిఫికెట్ కోర్సులు, వాల్యూ యాడెడ్ కోర్సులు, స్వయం, ఎన్‌పీటెల్ లాంటి ఆన్‌లైన్ కోర్సులు ఎన్ని, ఎంతమంది పూర్తిచేశారు అని అడుగుతారు, అంటే ఎన్ని కాగితాలుంటే అంత మంచిది. ఎవరికి ఏం వచ్చిందన్నది ఆ ఎక్సెల్ షీట్లో ఏ కాలమ్‌లోనూ ఉండదు. దానికితోడు జేఎన్టీయూ ఆర్20 రెగ్యులేషన్ నుంచి స్కిల్ కోర్సులకి క్రెడిట్లు వచ్చాయి, మంచి ఆలోచనే, కానీ చాలాచోట్ల ఆ పీరియడ్లో పిల్లలు ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పక్కన పెట్టేసి రికార్డు రాసుకుంటారు, నాకు ఆ పిల్లలే చెప్పారు, నవ్వుతూ చెప్పారు.

అదే నెలలో ఇంకో కుర్రాడు వచ్చాడు, పాతపట్నం వైపు, బీఎస్సీ కంప్యూటర్స్. రెజ్యూమె ఒకే పేజీ, సర్టిఫికేషన్ ఒకే ఒకటి. వాణ్ణీ అదే అడిగాను. టైమౌట్ అంటే ప్యాకెట్ అసలు సర్వర్ దాకా చేరట్లేదేమో సార్, ముందు సెక్యూరిటీ గ్రూపులో, అంటే సర్వర్ ముందు కాపలా ఉండే ఫైర్‌వాల్లో, వెబ్ పేజీలకి వాడే 80 పోర్టు తెరిచానా లేదా చూస్తాను, తర్వాత పబ్లిక్ ఐపీ ఉందా, సబ్‌నెట్ రూట్ టేబుల్ ఇంటర్నెట్ గేట్‌వేకి వెళ్తోందా చూస్తాను అన్నాడు. ఆగి, అదే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వచ్చుంటే వేరే సంగతి సార్, అప్పుడు మెషీన్ దాకా వెళ్ళాం గానీ లోపల సర్వీస్ లేవలేదని అనుకునేవాణ్ణి అన్నాడు. నేను అడక్కుండానే చెప్పిన ఆ రెండో ముక్క విన్నాక ఇంక అడగడానికి నాకేం మిగల్లేదు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, మా మావయ్య కార్డుతో అకౌంట్ ఓపెన్ చేశాను సార్, బిల్లు వచ్చేస్తాదేమో అని భయం, రోజూ రాత్రి అన్నీ ఆపేసి రెండుసార్లు చూసుకుని పడుకునేవాణ్ణి అన్నాడు. నిజంగా పని చేసినోడే అలా భయపడతాడు.

ఇక్కడితో ఆపేస్తే, చూశారా డిగ్రీ ఏదైనా పర్లేదు స్కిల్ ఉంటే చాలు అని యూట్యూబ్ వీడియోలా అయిపోతాది. కథ అక్కడ ఆగలేదు. నేను ఓకే అన్నాను, హెచ్‌ఆర్ వాళ్ళు కాదన్నారు, ఆ రోల్‌కి బీటెక్ గానీ ఎంసీఏ గానీ ఉండాలని పాలసీ అట. నేను మెయిల్ మీద మెయిల్ పెడితే చివరికి కాంట్రాక్ట్ మీద తీసుకున్నారు, జీతం ఆ బీటెక్ పిల్లలకంటే తక్కువ, పని మాత్రం వాళ్ళకంటే ఎక్కువ. అన్యాయం అంటే అన్యాయమే, కానీ ఉన్న సంగతి ఇది, పిల్లలకి ఇది చెప్పకుండా డిగ్రీ దండగ అని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతాది.

ఎందుకంటే డిగ్రీ దేనికి పనికొస్తాదో ఆ మాట చెప్పేవాళ్ళు చెప్పరు. మన వైపు ఇంటికొకరు అమెరికా అంటారు కదా, హెచ్‌1బీ వీసాకి బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైనది చూపించాలి, మీ దగ్గర ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు పది ఉన్నా వాళ్ళు డిగ్రీనే అడుగుతారు, చదువు తక్కువైతే మూడేళ్ళ అనుభవాన్ని ఒక ఏడాది కాలేజీ కింద లెక్కేస్తారు, మూడేళ్ళ డిగ్రీ చేసినవాళ్ళకి ఆ లెక్క చాలాసార్లు అవసరం పడుతుంటాది. బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టుకి ఐబీపీఎస్ నోటిఫికేషన్ తీసి చూడండి, కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ లాంటి బ్రాంచుల్లో ఇంజనీరింగ్ డిగ్రీ గానీ పీజీ గానీ అడుగుతారు, లేదంటే ఏదో ఒక డిగ్రీ మీద డోయక్ బీ లెవెల్ పాసై ఉండాలంటారు. ఈ డోయక్ అన్నదే ఇప్పటి నీలిట్, కేంద్ర ప్రభుత్వ సంస్థ. సర్కారు ఉద్యోగానికి లెక్కలోకొచ్చే కంప్యూటర్ సర్టిఫికెట్ ఉంది, కానీ మన రెండు జిల్లాల్లో ఏ కాలేజీ ఫ్లెక్సీ మీదా నేను దాని పేరు చూడలేదు. దానికి గ్లోబల్ అనే తోక లేదు కదా మరి.

డిగ్రీ లేకుండా తీసుకునే కంపెనీలు లేవా అంటే ఉన్నాయి. తమిళనాడులో జోహో వాళ్ళు సొంతంగా స్కూలు పెట్టి ఇంటర్ పిల్లలకి నేర్పి ఉద్యోగాలిస్తున్నారు, పెద్ద పేరు. హెచ్‌సీఎల్ 2017లో టెక్‌బీ అని మొదలుపెట్టింది, ఇంటర్ అయినవాళ్ళని తీసుకుని ట్రైనింగ్ ఇచ్చి పనిలో పెట్టుకుంటారు, కానీ చూడండి, ఆ పిల్లలు పని చేసుకుంటూనే యూనివర్సిటీలో డిగ్రీ చదివే ఏర్పాటు కూడా వాళ్ళే పెట్టారు. విప్రో అయితే బీసీఏ, బీఎస్సీ వాళ్ళని తీసుకుని పనితోపాటు ఎంటెక్ చదివిస్తాది. డిగ్రీ లేకపోయినా పర్లేదనే కంపెనీలు కూడా చివరికి ఆ కాగితం చేతికొచ్చేలా చూస్తున్నాయంటే దానర్థం ఏటండి? అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలు మేం డిగ్రీ అడగం అని గొప్పగా ప్రకటించాయి కదా, 2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి లెక్క తీస్తే ఆ మార్పు వల్ల డిగ్రీ లేకుండా కొత్తగా అవకాశం దొరికింది 700 నియామకాల్లో ఒకటి కన్నా తక్కువ అని తేలింది. చెప్పేది ఒకటి, చేసేది ఒకటి, అక్కడా అంతే ఇక్కడా అంతే.

కాబట్టి పిల్లలు డిగ్రీ మానేయాలని నేను అనట్లేదు, బ్యాక్‌లాగ్‌లు పెట్టుకోవద్దు, చాలా కంపెనీలు అడిగే 60 శాతం పోగొట్టుకోవద్దు అనే చెప్తాను. ఇంటర్వ్యూ దాకా తీసుకొచ్చేది డిగ్రీయే. ఇంటర్వ్యూలో కూర్చున్నాక మాత్రం అది ఏమీ చెయ్యదు, సర్టిఫికెట్ కూడా ఏమీ చెయ్యదు, ఆ సర్టిఫికెట్ కోసం చేత్తో ఏం చేశావో అదొక్కటే మాట్లాడుతాది. ఇదే మీకు నేను చెప్పాలనుకున్నది, మిగతాదంతా దీని చుట్టూ ఉన్నదే.

ఇప్పుడు సర్టిఫికేషన్ల సంగతి. కోర్సు వీడియోలు చూసినందుకు ఇచ్చే కాగితం వేరు, కెమెరా ముందో సెంటర్లోనో కూర్చోబెట్టి పరీక్ష పెట్టి ఇచ్చేది వేరు, రెండింటినీ ఒకే లెక్కలో కలిపేసి ఫ్లెక్సీ వేస్తున్నారు మీరు. పరీక్ష ఉన్నవాటిల్లో కూడా రెండు రకాలు. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్, మైక్రోసాఫ్ట్ ఏజెడ్-900 లాంటివి మొదటి మెట్టు, ఆప్షన్లు టిక్కు పెట్టేవి, తప్పు లేదు, పదజాలం తెలుస్తాది. కానీ రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ అని ఉంది చూడండి, అందులో ఆప్షన్లు ఉండవు, లైనక్స్ మెషీన్ ముందు పెట్టి ఇది చెయ్యి అది చెయ్యి అంటారు, యూజర్లు, డిస్కులు, ఫైర్‌వాల్, సర్వీసులు, రీబూట్ చేశాక కూడా నువ్వు చేసింది నిలబడితేనే మార్కులు. అప్లికేషన్లని చాలా సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఉన్న సీకేఏ పరీక్ష కూడా అంతే, రెండు గంటలు టెర్మినల్ ముందు. ఆ రెండింట్లో ఏది ఉన్న రెజ్యూమె వచ్చినా నేను ప్రశ్నలు మార్చేస్తాను, బేసిక్స్ అడగను, ఎందుకంటే వాడు ఆ పరీక్షలో నెగ్గాడంటే బేసిక్స్ చేతిలో ఉన్నట్టే. సిస్కో సీసీఎన్ఏ ఎక్కువగా ప్రశ్నలతోనే నడుస్తాది గానీ సబ్‌నెటింగ్, అంటే నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్క, రాకుండా అందులో గట్టెక్కడం కష్టం, నెట్‌వర్క్ ఉద్యోగానికి ఇప్పటికీ దానికి విలువుంది.

వీటికి ఫీజులు మామూలుగా ఉండవు. సీసీఎన్ఏ 300 డాలర్లు, ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ 150 డాలర్లు, పైన ట్యాక్సు. సీసీఎన్ఏ ఫీజు మన రూపాయల్లోకి వచ్చేసరికి ఎకరం వరికి పెట్టే పెట్టుబడికి దగ్గరగా ఉంటాది, ఫెయిలైతే మళ్ళీ కట్టాలి. పైగా ఇవి ఎల్లకాలం ఉండవు, సిస్కో, ఏడబ్ల్యూఎస్, రెడ్ హ్యాట్‌వి మూడేళ్ళు, సీకేఏ ఇప్పుడు రెండేళ్ళే, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో అసోసియేట్ స్థాయివి ఏడాదే, కాకపోతే ఆన్‌లైన్లో ఫ్రీగా రెన్యూ చేసుకోవచ్చు. మరి సెకండియర్ పిల్లలతో బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా రాయిస్తున్నారెందుకు? ఫ్లెక్సీకి సరే, వాళ్ళు ఉద్యోగంలో కుదురుకునేసరికి కాలం చెల్లిపోతాది కదా. థర్డ్ ఇయర్ చివర్లో, ఫైనలియర్ మొదట్లో రాయిస్తే అసలు పనికొచ్చే రోజుల్లో చేతిలో ఉంటాది. ఈ చిన్న విషయం ప్లేస్‌మెంట్ సెల్లో ఎవరూ ఎందుకు ఆలోచించరో నాకర్థం కాదు.

ఎన్‌పీటెల్ గురించి మాత్రం మంచి మాటే చెప్పాలి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, చదవడం ఫ్రీ, పరీక్ష రాయాలంటే వెయ్యి రూపాయలు, సెంటర్‌కి వెళ్ళి రాయాలి, అసైన్‌మెంట్లకి 25 శాతం, పరీక్షకి 75 శాతం. ఆపరేటింగ్ సిస్టమ్స్ మీదో నెట్‌వర్క్స్ మీదో 12 వారాల కోర్సు నిజాయితీగా చేసిన పిల్లోడు, పది వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లు చేసినోడికంటే నా ముందు బాగా నిలబడతాడు. అక్కడ కూడా అసైన్‌మెంట్ ఆన్సర్లు టెలిగ్రామ్‌లో దొరుకుతాయనుకోండి, కానీ పరీక్ష దగ్గర ఆ పప్పులుడకవు.

డంప్స్ మాట కూడా ఎత్తాలి, ఎవరూ ఎత్తరు కాబట్టి. పరీక్షలో వచ్చే ప్రశ్నలు, జవాబులు పీడీఎఫ్ చేసి అమ్ముతారు, బట్టీపట్టి పాసవుతారు. ఆ కంపెనీలు పట్టుకుంటే స్కోరు రద్దు చేసి మళ్ళీ రాయనివ్వకుండా చేసే హక్కు రూల్స్‌లోనే రాసుకున్నాయి. కాలేజీ నెట్‌వర్క్ మీదే ఇలాంటి ఫైళ్ళు తిరుగుతుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. దానికంటే ఫెయిలైనా మేలు. ఇలా కాగితాలతో బయటికొచ్చి ఉద్యోగం రాక ఆమదాలవలసలో ఫలక్‌నుమా ఎక్కి అమీర్‌పేట హాస్టళ్ళలో దిగినవాళ్ళు మన వైపు వాళ్ళు తక్కువేం కాదు, అక్కడ ఇంకొకడు దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తానంటాడు, ఇప్పుడు కంపెనీలు పీఎఫ్ రికార్డు తీసి చూస్తున్నాయి, పట్టుబడితే ఆఫర్ పోతాది, ఇంటికాడ చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటాది. ఈ పాపంలో మీ వాటా లేదని అనుకోకండి. నాలుగేళ్ళు మీ దగ్గరే ఉన్నారు.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకంటే, విశాఖలో ఇన్ఫోసిస్ 2023లో వచ్చింది, 2025 అక్టోబర్‌లో గూగుల్ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్, డేటా సెంటర్ అని ప్రకటించింది, ఫ్లెక్సీల మీద ఇప్పటికే దాని బొమ్మ కూడా ఎక్కించేశారు కొందరు. డేటా సెంటర్ అంటే కోడింగ్ చేసే ఆఫీసు కాదు మాస్టారూ, అక్కడ కావాల్సింది కరెంటు, కూలింగ్, ఫైబర్, సర్వర్ హార్డ్‌వేర్ చూసేవాళ్ళు, అదీ పెట్టుబడికి తగ్గట్టు వేలల్లో ఉండరు. మీ ట్రిపుల్‌ఈ సీట్లు ఖాళీగా పెట్టుకుని అందరినీ సీఎస్‌ఈ ఏఐఎంఎల్‌లో కూర్చోబెట్టారు, ఆ ట్రిపుల్‌ఈ పిల్లలకి కాస్త నెట్‌వర్కింగ్, కాస్త లైనక్స్ నేర్పితే వాళ్ళకి దారి దగ్గరవుతాది. ఇది పక్కదారి మాటే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మీరేం చెయ్యాలంటే, నేను పెద్ద లిస్టు ఇవ్వను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో మీకు వస్తున్నది జనం డబ్బు, దాని మీద సర్టిఫికేషన్ ఫీజు అని పిల్లల దగ్గర వేరేగా వసూలు చెయ్యడం మానెయ్యండి. అందరికీ పదేసి కాగితాలు ఇప్పించే ఖర్చుతో, నిజంగా ఆసక్తి ఉన్న పాతిక ముప్పై మందిని మీ ల్యాబ్‌లోనే ప్రాక్టికల్ టెస్ట్ పెట్టి తేల్చి, వాళ్ళ పరీక్ష ఫీజు కాలేజీయే కట్టండి, ఫ్లెక్సీ మీద ఆ పాతికే వెయ్యండి, నాలాంటోళ్ళు ఆ పాతికనే నమ్ముతారు. ల్యాబ్‌లో పాత డెస్క్‌టాపులే చాలు, లైనక్స్ ఫ్రీ, వర్చువల్ మెషీన్లు ఫ్రీ, నెట్‌వర్క్‌ని కంప్యూటర్లోనే కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఫ్రీ, కొత్తగా కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు. విరిగిపోతాయని, వైరస్ వస్తాదని అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వరు కదా, ఇవ్వండి, పాడుచేస్తేనే కదా బాగుచెయ్యడం వస్తాది.

దీనికి అసలు అడ్డు సిలబస్ కాదు, టైము కూడా కాదు, మీ కాలేజీ బస్సు. సాయంత్రం నాలుగు దాటగానే బస్సులు స్టార్ట్ చేసేస్తారు, పార్వతీపురం లైను పిల్లలు, నరసన్నపేట లైను పిల్లలు పరిగెత్తుకెళ్ళి ఎక్కేస్తారు, ల్యాబ్ అసిస్టెంట్ తాళం వేసేస్తాడు, ఆ తర్వాత ఆ కంప్యూటర్లన్నీ మర్నాడు పొద్దున్న దాకా ఖాళీ. ఇంట్లో లాప్‌టాప్ లేని పిల్లలే ఎక్కువ, ఫోన్‌లో లైనక్స్ నేర్చుకోమంటే ఎలా కుదురుతాది. హాస్టల్ అబ్బాయిలు ఎలాగో తంటాలు పడతారు, బస్సు తప్పితే ఇంకో దారి లేని అమ్మాయిలే నష్టపోతున్నారు. ఒక్కో లైనుకి రాత్రి ఏడింటికి రెండో ట్రిప్ వెయ్యండి, వారానికి మూడు రోజులైనా సరే, ల్యాబ్ ఆరున్నర దాకా తెరిచి ఉంచండి, ఒక మాస్టారు ఉండేలా చూడండి, ఆయనకి ఆ గంటలు వర్క్‌లోడ్‌లో లెక్కేయండి. డీజిల్ ఖర్చు ఎంతవుతాదో మీ ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని అడిగి, పోయిన ఏడాది ఫ్లెక్సీలకి, పేపర్ యాడ్‌లకి అయిన ఖర్చు పక్కన పెట్టి చూడండి.

వచ్చే సెమిస్టర్ నుంచి ఈ రెండు జిల్లాల్లో ఏ కాలేజీ అయినా ఆ రెండో ట్రిప్ మొదలుపెడితే, శనివారాలు నేనొచ్చి ఆ ల్యాబ్‌లో పిల్లల పక్కన కూర్చుంటాను, మా టీమ్‌లో మన వైపు వాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళనీ తీసుకొస్తాను. మాకు డబ్బులు అక్కర్లేదు, శాలువాలు కూడా వద్దు.

ఇట్లు,
చీపురుపల్లి వైపు నుంచి మీ పాత విద్యార్థి ఒకడు